కాంటెస్సాకి కండలు: కోనసీమ షెడ్డులో ఇంజను పని ఎందుకు చివర్న రావాలి

మా మేనల్లుడు హైదరాబాద్ నుంచి దిగిన రోజునే కొబ్బరికాయల షెడ్డులో దూరాడు. మూలన టార్పాలిన్ కింద ఉన్న పాత కాంటెస్సా కారుని బయటపెట్టి, బానెట్ మీద అరచెయ్యి వేసి, "మావయ్యా, దీన్లో వీ8 ఇంజను దింపితే ఎలా ఉంటుంది?" అన్నాడు. వీ8 అంటే ఎనిమిది సిలిండర్లని 'వీ' అక్షరంలా అమర్చిన పెద్ద ఇంజను. అప్పటికే ఫోన్‌లో ఒక అమెరికా వీడియో ఆడుతోంది. అందులోని ఇంజను అరుపుకి షెడ్డు దూలం మీది పావురాలు లేచిపోయాయి.

పక్కనే ఉన్న టింకరింగ్ మేస్త్రీ మాటా పలుకూ లేకుండా స్క్రూడ్రైవర్ తీసుకుని, డ్రైవర్ తలుపు కింద, పెయింటు నిగనిగలాడుతున్న చోటే పొడిచాడు. పిడిదాకా దిగింది. వెనక్కి లాగితే ఆ బొక్కలోంచి సన్నటి మట్టి ధార కట్టి కారింది. గోధుమరంగు, వేళ్ళతో నలిపితే శనగపిండిలా ఉంది. ఎప్పటిదో వరద ఒండ్రు.

"ఆయ్, వీ8 సంగతి తర్వాత చూసుకుందురుగాని. ముందు దీని సంగతి తేల్చండి" అన్నాడు మేస్త్రీ.

పాత కారుని మజిల్ కారుగా మార్చుకోవాలనే కోరిక ఇప్పుడు చాలామంది కుర్రాళ్ళకి ఉంది. వీడియోలన్నీ ఇంజనుతోనే మొదలవుతాయి కాబట్టి వీళ్ళూ అక్కడే మొదలుపెడతారు. గోదావరి డెల్టాలో మాత్రం వరస తిరగబడుతుంది. ముందు కాగితం, తర్వాత తుప్పు, తర్వాత బ్రేకులు, ఆ తర్వాత గేర్‌బాక్సు నుంచి వెనక చక్రం దాకా ఉన్న సరంజామా, అన్నీ అయ్యాక ఇంజను. నా చాదస్తం కొద్దీ పెట్టిన వరస కాదిది. ఎందుకిలా ఉండాలో ఒక్కొక్కటీ విప్పి చూద్దాం.

ఇంతకీ మజిల్ కారంటే

పెద్ద ఇంజనున్న ప్రతి కారూ మజిల్ కారు కాదు. 1960లలో అమెరికాలో ఒక చిట్కా లాంటి ఆలోచన పుట్టింది. మధ్య తరగతి వాళ్ళు కొనే ఓ మోస్తరు కారు తీసుకుని, అందులో అంతకంటే పెద్ద కారుకి వేసే వీ8 ఇంజను పెట్టి, ధర కుర్రాళ్ళకి అందేలా ఉంచడం. అందరూ ముందుగా చెప్పుకునే పేరు 1964 మోడల్ పాంటియాక్ జీటీవో. అప్పట్లో జనరల్ మోటార్స్‌లో ఒక కట్టడి ఉండేది: ఆ సైజు కార్లలో 330 ఘనపు అంగుళాలకి, అంటే సుమారు 5.4 లీటర్లకి, మించిన ఇంజను పెట్టకూడదు. పాంటియాక్ ఇంజనీర్ జాన్ డిలోరియన్, ఆయన జట్టు ఏం చేశారంటే, జీటీవోని కొత్త మోడల్‌గా చూపించలేదు. టెంపెస్ట్ లెమాన్స్ అనే ఉన్న కారుకే 'అదనపు ప్యాకేజీ' అని రాశారు. కట్టడి మోడళ్ళకే గానీ ప్యాకేజీలకి లేదు కదా! అలా 389 ఘనపు అంగుళాల ఇంజను, 6.4 లీటర్లది, ఆ కారులోకి దిగింది. 325 హార్స్ పవర్ అని ప్రకటించారు.

అంటే మజిల్ కారు పుట్టుకే ఒక కాగితం కిటుకు. ఈ మాట గుర్తుపెట్టుకోండి. మన దగ్గర కాగితం దగ్గరే కథ అడ్డం తిరుగుతుంది.

ఆ 325 కూడా ఉన్నదున్నట్టు తీసుకోవాల్సిన అంకె కాదు. అప్పట్లో ఇంజనుని స్టాండు మీద పెట్టి, ఎయిర్ ఫిల్టర్, ఫ్యాను, డైనమో, సైలెన్సర్ లాంటివేవీ లేకుండా కొలిచేవారు. 1972 మోడళ్ళ నుంచి అన్నీ తగిలించి, కారులో ఉండే స్థితిలో కొలవడం మొదలయ్యాక అవే ఇంజన్ల అంకెలు చాలా కిందికి దిగాయి. కోడిని ఈకలతో తూచినప్పటికీ, ఒలిచాక తూచినప్పటికీ ఉండే తేడా లాంటిది. ఇక పొగ మీద 1970 నాటి చట్టం, పెరిగిన ఇన్సూరెన్సు, 1973 చమురు సంక్షోభం వరసగా వచ్చి పడేసరికి ఆ కార్ల కాలం పదేళ్ళ లోపే చెల్లిపోయింది.

మన దేశంలో 'ఇండియన్ మజిల్ కారు' అని ముద్దుగా పిలిచేది హిందుస్తాన్ మోటార్స్ కాంటెస్సాని. బ్రిటన్‌లో వాక్స్‌హాల్ కంపెనీ 1970లలో తయారుచేసిన కారు అచ్చులు తెచ్చుకుని, 1984 నుంచి 2002 దాకా ఇక్కడ చేశారు. పొడుగాటి బానెట్, వెడల్పాటి ముఖం, ఇంజను ముందు, తోసేది వెనక చక్రాలు. రూపం చూస్తే అమెరికా కారే. లోపల మాత్రం మొదట్లో అంబాసిడర్‌కి వేసే 1489 సీసీ ఇంజనే ఉండేది. 50 హార్స్ పవర్ ఇంజను అంతటి బండిని లాగుతుంటే పులి చారలు వేసుకున్న గంగిరెద్దులా ఉండేది. తర్వాత జపాన్ ఇసుజు వారి 1.8 లీటర్ల పెట్రోలు ఇంజను, అయిదు గేర్లు వచ్చాక కాస్త ఊపిరి పోసుకుంది. అదైనా 80 పైచిలుకు హార్స్ పవరే.

కండలు లేవు గానీ కండలకి తగ్గ చొక్కా ఉంది. అందుకే కుర్రాళ్ళ కన్ను దాని మీద పడుతుంది.

కాగితం

మోటారు వాహనాల చట్టం, 1988లో 52వ సెక్షన్ అని ఒకటుంది. కంపెనీ చేసినప్పుడు ఇచ్చిన వివరాలకీ ఆర్.సి.లో ఉన్న వివరాలకీ తేడా వచ్చేలా యజమాని బండిని మార్చకూడదన్నది దాని సారం. గ్యాసు, బ్యాటరీ లాంటి వేరే ఇంధనానికి మార్చుకోవడానికి ఆమోదం ఉన్న కిట్లతో దారి ఇచ్చింది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా కంపెనీ ఇచ్చిన నిర్దేశాలకి భిన్నంగా మార్పు కుదరదని తేల్చిచెప్పింది. అదే ఏడాది చట్టానికి చేసిన సవరణతో, అనుమతి లేని ప్రతి మార్పుకీ 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. 'ప్రతి మార్పుకీ' అన్న మాట గమనించండి. కస్టమ్ కారంటేనే మార్పుల మూట.

ఆర్.సి.లో ఏముంటాయి? ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు, సీసీ, ఇంధనం, బాడీ రకం, సీట్లు, రంగు. కాబట్టి 1.8 లీటర్ల కాంటెస్సాలో 6 లీటర్ల వీ8 పెట్టడమంటే కాగితం మీద ఉన్న కారు ఒకటీ, రోడ్డు మీద ఉన్న కారు మరొకటీ అయిపోవడమే. పోలీసు ఆపకపోవచ్చు. కానీ ఏదైనా ప్రమాదం జరిగిన రోజున ఇన్సూరెన్సు కంపెనీ సర్వేయరు బానెట్ ఎత్తుతాడు. అసలు చిక్కు అక్కడ మొదలవుతుంది.

కొందరు, "వింటేజ్ కారుగా రిజిస్టర్ చేయించుకుంటే పోలా?" అంటారు. 2021 జూలైలో కేంద్రం ఇచ్చిన నిబంధనలు చదివితే ఆ దారీ మూసుకుపోతుంది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు దాటిన బళ్ళకే అది వర్తిస్తుంది. 20,000 రూపాయల ఫీజు కడితే పదేళ్ళకి 'వీఏ' అక్షరాలున్న నంబరు ఇస్తారు. 1984లో వచ్చిన మొట్టమొదటి కాంటెస్సాకైనా ఆ అర్హత 2034లోనే. పైగా ఛాసిస్, బాడీ, ఇంజను పెద్దగా మార్చకుండా ఉంటేనే వింటేజ్ కింద లెక్క. రోజూ తిప్పుకోవడానికీ, కిరాయికీ పనికిరాదు. అంటే చట్టం దృష్టిలో 'కస్టమ్', 'వింటేజ్' ఒకే ఒరలో ఇమిడే కత్తులు కావు.

ఇక మామూలు చిక్కులు ఎలాగూ ఉంటాయి. 15 ఏళ్ళు దాటిన సొంత కారుకి ఫిట్‌నెస్ చూపించి అయిదేళ్ళకోసారి రెన్యువల్ చేయించాలి. అసలు యజమాని ఎప్పుడో కాలం చేసి ఉంటాడు, వారసులు నలుగురు నాలుగు ఊళ్ళలో ఉంటారు. ఎప్పుడో తీరిపోయిన ఫైనాన్సు ఆర్.సి.లో ఇంకా బతికే ఉంటుంది. అప్పు తీరిందని ఎన్.ఓ.సి. రాసివ్వాల్సిన ఫైనాన్సు కంపెనీ మూతపడి ఉంటుంది. మా కారు విషయంలో కాగితం పనికి పట్టిన కాలంలో ఒక పంట నాటి, కోసి, ధాన్యం తోలేశాం.

ఒక్క జాగ్రత్త తప్పనిసరిగా చెప్పాలి. రేకు కోయడానికి ముందే ఛాసిస్ నంబరు కొట్టిన చోటు వెతికి, ఫొటో తీసి, కాగితం పెట్టి పెన్సిల్ ముద్ర తీసుకోండి. రవాణా శాఖ ఇన్‌స్పెక్టర్ చూసేది అదే. తుప్పు పట్టిన ముక్క కదా అని గ్రైండరు పెట్టి ఆ నంబరుని కూడా కోసి పారేస్తే, మీ దగ్గర మిగిలేది కారు ఆకారంలో ఉన్న పాత ఇనుము.

మా వాడు ఇదంతా విని, "అయితే ఇంక చెయ్యడానికేముంది మావయ్యా?" అని మొహం వేలాడేశాడు. చాలా ఉంది. అదే ఇంజనుని ఉన్న సీసీలోనే మంచి పుంజుకి తెచ్చి, బ్రేకులు, సస్పెన్షన్, వైరింగ్, లోపలి సొగసు కొత్త కారుని తలదన్నేలా చేసుకోవచ్చు. అదీ ఒక కస్టమే. నిజానికి చేతనైనవాడి పని అక్కడే తెలుస్తుంది.

నీళ్ళతో తగువు

ఇనుముకి తుప్పు పట్టాలంటే నీరు, గాలి రెండూ కావాలి. ఉప్పు తోడైతే ఆ పని జోరందుకుంటుంది. మన డెల్టాలో మూడూ ఇరవై నాలుగ్గంటలూ దొరుకుతాయి. అంతర్వేది, ఓడలరేవు వైపు సముద్రపు గాలి. భీమవరం, నరసాపురం వైపు రొయ్యల చెరువుల ఉప్పునీళ్ళు. లంకల్లో అయితే 2022 జూలైలో వచ్చినట్టు వరద. ఏమీ లేని చోట కూడా గాలిలో తేమ. షెడ్డులో పదేళ్ళు కదలకుండా ఉన్న కారు క్షేమంగా ఉందనుకోవడం భ్రమ. తిరిగే కారు ఎండలో ఆరుతుంది, నిలబడ్డ కారు ఆరదు.

కాంటెస్సా లాంటి కార్లకి లారీకున్నట్టు కింద వేరే ఛాసిస్ ఫ్రేము ఉండదు. కింది రేకు, తలుపుల కింద పెట్టెలా మడిచిన అడుగు దిమ్మలు, పైకప్పు అన్నీ కలిసే బరువు మోస్తాయి. అందుకే మేస్త్రీ ముందు అక్కడే పొడిచాడు. ఆ దిమ్మల లోపల బోలుగా ఉంటుంది, కింద చిన్న చిన్న బొక్కలుంటాయి, లోపలికి వెళ్ళిన నీరు కారిపోవడానికి. పొలానికి నీరు పెట్టే బోదె ఎంత ముఖ్యమో మురుగు పోయే కాలవ అంతకంటే ముఖ్యమని డెల్టా రైతుకి వేరే చెప్పక్కర్లేదు. మురుగు కాలవ పూడితే చేను ఎలా కుళ్ళుతుందో, ఆ బొక్కలు ఒండ్రుతో పూడితే కారు దిమ్మ లోపల్నుంచి అలా కుళ్ళుతుంది. పైన పెయింటు మాత్రం పెళ్ళికొడుకులా ఉంటుంది.

కొనేముందు పరీక్షకి ఒక చిన్న అయస్కాంతం చాలు. గుడ్డలో చుట్టి రేకు మీద జరుపుతూ పోండి. పట్టు వదిలేసిన చోట రేకు లేదు, లప్పం ఉంది. మా కారుకి వెనక చక్రాల పైన మడ్‌గార్డు అంచులో మేస్త్రీ గీకుతూ పోతే అంగుళం మందం లప్పం ఊడింది. దాని వెనక ఎవరో మహానుభావుడు గోనెసంచి ముక్క కుక్కి పెట్టాడు.

కుళ్ళిన భాగం కోయడంలో ఒక మెళకువ ఉంది. దిమ్మ కోసేస్తే బాడీ మధ్యలో కిందికి వంగుతుంది. ఆ వంగిన స్థితిలోనే కొత్త రేకు అతికితే జన్మలో తలుపు సరిగ్గా పడదు. అందుకే ముందు తలుపు సందులో అడ్డంగా, ఏటవాలుగా ఇనప గొట్టాలు తాత్కాలికంగా వెల్డింగ్ చేసి, అప్పుడు గ్రైండరు ముట్టుకోవాలి. కిందికి 18 గేజ్, పైన కనబడే భాగాలకి 20 గేజ్ రేకు సరిపోతుంది. గేట్లకీ గ్రిల్స్‌కీ వాడే ఆర్క్ వెల్డింగ్ ఇంత పల్చని రేకు మీద పెడితే అతుకు కాదు, బొక్క పడుతుంది. గ్యాస్ వెల్డింగ్ చెయ్యి తిరిగినవాడు చేస్తేనే అందం, లేకపోతే వేడికి రేకు అప్పడంలా ఉబ్బుతుంది. సన్న తీగ వేసే మిగ్ వెల్డింగ్‌తో ఇక్కడో చుక్క, అక్కడో చుక్క పెట్టి చల్లారనిస్తూ కలుపుకుంటూ రావడం ఇంట్లో చేసేవాళ్ళకి మేలు.

పెట్రోలు ట్యాంకు దగ్గర వెల్డింగ్ చేయాల్సివస్తే ట్యాంకు విప్పి అవతల పెట్టండి. 'ఖాళీగానే ఉంది కదా' అనుకునే ట్యాంకే ప్రమాదం. నిండు ట్యాంకులో ఉండేది ద్రవం, ఖాళీ ట్యాంకులో ఉండేది ఆవిరి. పేలేది ఆవిరే. అలాగే మన నేల మెత్తన. జాకీ ఎత్తిన కాసేపటికి ఒక పక్కకి దిగబడుతుంది. కింద మందపాటి చెక్క గానీ ఇనప ప్లేటు గానీ వేసి, స్టాండ్ల మీద కూర్చోబెట్టాకే కిందికి దూరాలి. ఇటుకలూ కొబ్బరి దుంగలూ ఆపుగా పెట్టి కారు కింద పడుకోవడం ధైర్యం కాదు.

కొత్త రేకు వేశాక దాన్ని ఉత్తగా ఒక్క రాత్రి వదిలేస్తే పొద్దునకి పసుపు పూసినట్టు సన్న తుప్పు కనబడుతుంది. ఆ రోజే ప్రైమర్ పడాలి. రెడ్ ఆక్సైడ్ పూసేశాం కదా అని వానాకాలమంతా ఊరుకునేవాళ్ళని చూశాను. మామూలు ప్రైమర్ నీటిని పీల్చుకుంటుంది. ఎపాక్సీ ప్రైమర్ అయితే కాస్త నిలుస్తుంది.

ఇక పైరంగు. పాత రకం పెయింటులో కలిపే తిన్నర్ వేగంగా ఆరిపోతూ రేకుని చల్లబరుస్తుంది. గాలిలో తేమ ఎక్కువుంటే ఆ చల్లటి పొర మీద మంచులా నీరు చేరి, నల్లరంగు బూడిద పట్టినట్టు తెల్లబారుతుంది. తేమ 85 శాతం దాటిన రోజున పెయింటు డబ్బా మూత తీయకపోవడమే మంచిది. మన దగ్గర మాఘం, ఫాల్గుణం రోజులు అనుకూలం. అదీ పొద్దున్న మంచు పూర్తిగా విడిచాక, సాయంత్రం చెమ్మ దిగకముందు. గట్టిపరిచే మందు (హార్డెనర్) కలిపి కొట్టే కొత్త రకం పెయింట్లలో ఊపిరితిత్తుల్ని దెబ్బతీసే ఐసోసయనేట్లుంటాయి. తువ్వాలు ముక్కుకి కట్టుకుంటే అవి ఆగవు. ఆ పని బూత్ ఉన్న షాపుకి వదిలేయడం నా సలహా. అన్నీ ఇంట్లోనే చేశామని చెప్పుకోవడానికి ఊపిరి పణంగా పెట్టక్కర్లేదు.

నీళ్ళ తగువు రేకుతో తీరదు. బ్రేకు ఆయిలు కూడా గాలిలోని తేమని పీల్చుకుంటుంది. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగదు. నీరు చేరాక అదే 140కి పడిపోవచ్చు. గట్టిగా నాలుగుసార్లు బ్రేకు తొక్కితే లోపల ఆవిరి బుడగలు కట్టి పెడల్ నేలకి తగులుతుంది. ఏళ్ళ తరబడి నిలబడిన కారులో ఆ ఆయిలు టీ డికాక్షన్ రంగులో ఉంటుంది. అది తీసేసి, సిలిండర్ల రబ్బర్లన్నీ మార్చాకే కారు ఇంటి గేటు దాటాలి.

పెట్రోలుదీ అదే కథ. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. చెరకు, మొక్కజొన్నతో పాటు మన మిల్లుల్లో వచ్చే నూకల్లాంటి వాటితోనూ ఇథనాల్ చేస్తారు. అది నీటిని ఇష్టంగా కలుపుకుంటుంది. నెలల తరబడి ట్యాంకులో ఉంచితే తేమ పట్టి, ఒక హద్దు దాటాక నీరూ ఇథనాలూ కలిసి అడుక్కి చేరతాయి. పంపు ముందు లాగేది ఆ అడుగునున్నదాన్నే. పాత రబ్బరు పైపులు, కార్బొరేటర్ లోపలి పొరలు దానికి ఉబ్బి, చిట్లుతాయి. ఇథనాల్‌కి తట్టుకునే పైపులు వేయడం ఒకటి, కార్బొరేటర్లో పెట్రోలు కొలిచి వదిలే సన్న రంధ్రాన్ని, అంటే జెట్‌ని, మార్చడం రెండు. ఎందుకంటే పెట్రోలు ఒక వంతు కాలడానికి 14.7 వంతుల గాలి కావాలి, ఇథనాల్‌కి సుమారు 9 వంతులు చాలు. పాత కార్బొరేటర్‌కి ఈ సంగతి తెలియదు. పాత లెక్కనే గాలి కలుపుతుంది, మిశ్రమం పల్చబడుతుంది, ఇంజను వేడెక్కుతుంది. "పాత కారు కదండీ, వేడెక్కుద్ది" అని సర్దిచెప్పే జబ్బుల్లో ఇదొకటి.

రేడియేటర్లో బోరు నీళ్ళు పోసే అలవాటు కూడా మానాలి. మన బోర్లలో చాలావాటి నీళ్ళు స్నానానికే జిగట. లోపల సున్నం గారలా పేరుకుంటుంది.

ఎద్దుని మార్చి కాడి మార్చకపోతే

ఇప్పుడు మావాడి వీ8కి వద్దాం. చట్టం సంగతి ఓ క్షణం పక్కనపెట్టి, పెట్టామే అనుకుందాం.

ఇంజను శక్తిలో రెండు సంగతులున్నాయి. తిప్పే బలం ఒకటి, దాన్నే టార్క్ అంటారు. ఆ బలంతో ఎంత వేగంగా తిప్పుతుందన్నది రెండోది. రెండూ గుణిస్తే హార్స్ పవర్. దమ్ము చేలో దిగబడ్డ బండిని ఎద్దు ఒక్క గుంజుతో లాగడం టార్క్. అదే బండిని రేవు దాకా ఎంత తొందరగా చేర్చిందన్నది పవర్. మజిల్ కారు మజా మొదటిదాంట్లో ఉంది.

చిన్న లెక్క చూడండి. మామూలు నాలుగు సిలిండర్ల ఇంజను 14 కిలోగ్రామ్-మీటర్ల టార్క్ ఇస్తుందనుకుందాం. ఇది కిలో బరువూ మీటరు చేతి పొడవూ కలిపిన లెక్క. మొదటి గేరు దాన్ని 3.5 రెట్లు, వెనక హౌసింగ్‌లోని క్రౌన్ పినియన్ అనే పళ్ళ చక్రాల జత 4 రెట్లు పెంచుతాయనుకోండి. మొత్తం 14 రెట్లు. అంటే వెనక యాక్సిల్ దగ్గరికొచ్చేసరికి 196. ఇప్పుడు అదే గేర్లకి 1964 జీటీవో ఇంజను తగిలిస్తే? దాని టార్క్ సుమారు 59. యాక్సిల్ దగ్గర 826. 200 మోయడానికి చేసిన పళ్ళ మీద 800 పైన పడితే ఏమవుతుందో లెక్క తెలియనివాడికి కూడా తెలుసు. ముందు క్లచ్ ప్లేటు జారుతుంది. అది గట్టిది వేస్తే గేర్‌బాక్సు పళ్ళు రాలతాయి. అదీ మారిస్తే షాఫ్టు క్రాసులు, అవీ మారిస్తే క్రౌన్ పినియన్, చివరికి యాక్సిల్ రాడ్డు. ఒక్కోటి బలపరుస్తుంటే విరిగే చోటు వెనక్కి జరుగుతుందే తప్ప విరగడం ఆగదు. ఎద్దుల్ని మార్చి పాత కాడే ఉంచితే కాడి విరుగుతుంది, కాడి మారిస్తే నొగలు విరుగుతాయి.

బరువు కూడా ఉంది. పోత ఇనుము వీ8 ఇంజను పావు టన్ను చుట్టుపక్కల తూగుతుంది. అంత బరువు ముందు చక్రాల మీద పడితే స్ప్రింగులు కూర్చుంటాయి, స్టీరింగ్ బిగుస్తుంది. కాలవగట్టు మీద ఎదురుగా గడ్డి ట్రాక్టరు వచ్చినప్పుడు పక్కకి కోయబోతే ముక్కు ముందుకే పోతానంటుంది. ముందున్నది కాలవ.

అన్నిటికంటే ముఖ్యం బ్రేకులు. కారు వేగం పెరిగేకొద్దీ ఆపాల్సిన శక్తి వేగంతో సమానంగా పెరగదు, వేగానికి వర్గంగా పెరుగుతుంది. 60లో పోయే కారుని 100లో తోలితే ఆ శక్తి సుమారు 2.8 రెట్లు. అదంతా బ్రేకు దగ్గర వేడి కావాల్సిందే. అందుకే బ్రేకులు కుదరకముందు ఇంజను ముట్టుకోవద్దంటున్నాను. మన 216 జాతీయ రహదారి మీద కాకినాడ నుంచి అమలాపురం వస్తుంటే మసూరి కోతల కాలంలో ఒక పక్క ధాన్యం ఆరబోసి ఉంటుంది, దాని అంచున రాళ్ళు పేర్చి ఉంటాయి, సంధ్యవేళ గేదెలు ఇంటికొస్తుంటాయి. ఆ రోడ్డు మీద మనకి అక్కరకొచ్చేది ఎంత తొందరగా ఆగుతామన్నదే.

మరి ఇంజనుకి ఏం చేయొచ్చు

చాలానే. ఇసుజు 1.8 ఇంజను సిలిండరు వ్యాసం 84 మిల్లీమీటర్లు, పిస్టన్ నడక 82. నాలుగు సిలిండర్లకి 1817 సీసీ. అరిగిన సిలిండర్లని లేత్ షాపులో అర మిల్లీమీటరు బోరు చేసి, అంటే లోపలి వ్యాసం అంత పెంచి, ఓవర్‌సైజ్ పిస్టన్లు వేస్తే 1839 అవుతుంది. పెరిగింది 22 సీసీ, నూటికి ఒకటీ చిల్లర. "బోరు కొట్టించాను, బండి రాకెట్టయింది" అనేవాళ్ళు ఉంటారు. రాకెట్టయింది బోరు వల్ల కాదు, అరిగిపోయి కారుతున్న కంప్రెషన్ మళ్ళీ నిలబడటం వల్ల. పోయిన బలం తిరిగొచ్చింది, అంతే. దాన్ని తక్కువ చేయక్కర్లేదు. ఎనభైలో పాతిక గుర్రాలు పారిపోయిన ఇంజనుకి ఆ పాతికా తిరిగి రావడమే పెద్ద పండగ.

సిలిండర్ల మీద మూతలా ఉండే హెడ్డుని కాస్త గీకించి ఫేసింగ్ చేయిస్తే కంప్రెషన్ పెరుగుతుంది. ఎక్కువ గీకితే ఎండాకాలంలో నాకింగ్, అంటే మిశ్రమం అదుపు తప్పి మండే టకటక చప్పుడు, మొదలవుతుంది. వాల్వులు సానబట్టి, గాలి తెచ్చే గొట్టాల మానిఫోల్డుకీ హెడ్డుకీ మధ్య రంధ్రాలు మెట్టు లేకుండా కలిపితే ఇంజను హాయిగా ఊపిరి పీలుస్తుంది. దీనికి ఖర్చుకంటే ఓపిక ఎక్కువ కావాలి. క్రాంకు, ఫ్లైవీలు, క్లచ్ కలిపి బ్యాలెన్సు చేయిస్తే ఆ నున్నదనం వేరు. అదే ఇంజను, అదే సీసీ, ఆర్.సి.తో పేచీ లేదు.

ఎలుకల మాటా చెప్పాలి. ధాన్యం ఉన్న ఊళ్ళో కారు వైరింగ్ వాటి హక్కుభుక్తం. కొరికిన చోట మెలితిప్పి టేపు చుట్టడం కాకుండా మొత్తం వైరింగ్ తీసి కొత్తది వేయాలి. హెడ్‌లైట్లకి రిలేలు, ప్రతి లైనుకీ ఫ్యూజు, బాడీకి బిగించే ఎర్త్ వైర్ల కింద తుప్పు గీకి శుభ్రం చేయడం తప్పనిసరి. పాత కార్లు తగలబడేది ఎక్కువగా పెట్రోలు కారడం వల్లా, ఇలాంటి టేపు చుట్టిన జాయింట్ల వల్లా.

మా కారు ఇప్పుడు నాలుగు స్టాండ్ల మీద ఉంది. అడుగు దిమ్మలు రెండూ కొత్తవి పడ్డాయి. మేస్త్రీ వాటి కింద మురుగు బొక్కలు ఒకటికి రెండు ఎక్కువే వేశాడు. తలుపు వేస్తే 'ఠప్' మని ఒకే చప్పుడు వస్తోంది, ఇదివరకు రెండు వచ్చేవి. ఇంజను విప్పి, సిలిండర్ బ్లాకుని రాజమండ్రి లేత్ షాపుకి పంపాం. ఆ ఖాళీలో పిల్లి పిల్లల్ని పెట్టింది.

మొన్న మావాడు మళ్ళీ ఫోన్ చేశాడు. వీ8 ఊసెత్తలేదు. "మావయ్యా, ముందు బ్రేకుల పని ఎంతదాకా వచ్చింది?" అన్నాడు. మాస్టర్ సిలిండర్ రబ్బర్ల కిట్టు ఇంకా దొరకలేదని చెప్పాను. హైదరాబాద్ పాత సామాన్ల బజారులో ఆదివారం వెతుకుతానన్నాడు.